గోరింట కంచె పీకేసి ఏడడుగుల గోడ: హాంప్‌స్టెడ్ వాళ్ళు వందేళ్ళు ఎలా కాపాడుకున్నారు?

పాతకాపు_బరంపురం
మా కాలనీలో 38 ఇళ్ళు. 1974లో హౌసింగ్ సొసైటీ వేసిన లేఅవుట్. అప్పటి పెద్దలు ఒక మాట అనుకున్నారు: ఇంటి ముందు ఎవరూ గోడ కట్టకూడదు, గోరింట కంచె వెయ్యాలి, అది నడుం ఎత్తు దాటకూడదు. కాగితం మీద రాసుకున్నది ఏమీ లేదు, నోటి మాటే. యాభై ఏళ్ళు ఆ మాట నిలిచింది.

పోయిన నెల మూలనున్న ఇల్లు అమ్ముడైంది. కొన్నాయన మూడో రోజుకే జేసీబీ తెచ్చి కంచె మొత్తం పీకించేశాడు. నేను మా వాకిట్లో నిలబడి చూస్తూనే ఉన్నాను. దుబ్బులు మట్టి ముద్దలతో సహా లేచి ట్రాక్టర్లో పడ్డాయి. ఆఖరి ఆషాఢంలో కూడా మా అమ్మ ఆకు కోసుకున్నది ఆ కంచె నుంచే. ఇప్పుడక్కడ ఏడడుగుల గోడ, దాని మీద గాజు పెంకులు. మలుపులో ఎదురుగా వచ్చే బండి కనబడదు. ఇంకో ఇద్దరు మేస్త్రీతో బేరం ఆడుతున్నారని తెలిసింది.

నిరుడు మూడు నెలలు లండన్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. వాళ్ళింటికి పది నిమిషాల నడకలో హాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్ అనే పేట ఉంది. రోజూ పొద్దున్నే నా వాకింగ్ అక్కడే. ఎటు చూసినా మొక్కల కంచెలే. 1907లో కట్టడం మొదలుపెట్టారట, ఇంకా చెక్కుచెదరలేదు. వాళ్ళు అంతకాలం ఎలా నిలబెట్టుకున్నారు? మనకి పనికొచ్చేది అందులో ఏమైనా ఉందా? ఈ టెన్షన్‌తో నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

సిమెంటుబస్తా_జయపురం
ఆయన డబ్బు, ఆయన స్థలం, ఆయన గోడ. మీ నోటి మాట ఆయన చెవిన పడిందా అసలు? ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్నాను. గోడ లేని ఇల్లు ఇప్పుడెవరూ కొనరు.

పాతకాపు_బరంపురం
ఈ యాభై ఏళ్ళలో మా దగ్గర చాలా ఇళ్ళు చేతులు మారాయండి. గోడ లేదని వెనక్కి తిరిగి వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు.

నాగావళి_ఒడ్డు
రాయగడ నుంచి. మా వీధిలోనూ ఇదే బాధ. ఫాలో అవుతున్నాను.

మహేంద్రతనయ
మాది పర్లాకిమిడి. ఆర్కిటెక్చర్ పాఠాలు చెబుతాను, ఏటా మొదటి సెమిస్టర్‌లో ఈ పేట గురించి చెప్పకుండా ఉండను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

దీని వెనకున్న మనిషి హెన్రియెట్టా బార్నెట్. ఆవిడ భర్త శామ్యూల్ బార్నెట్ 1873 నుంచి తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్‌లో సెయింట్ జూడ్ చర్చి పాస్టరు. ఆ రోజుల్లో లండన్‌లో కటిక బీద పేటల్లో అదొకటి. ఒకే గదిలో కుటుంబం మొత్తం ఉండడం, వెలుతురు రాని సందులు, మురుగు. ముప్ఫై ఏళ్ళ పాటు ఆవిడ అదంతా దగ్గరుండి చూసింది. 1884లో ఇద్దరూ కలిసి అక్కడే టాయిన్‌బీ హాల్ పెట్టారు, చదువుకున్న కుర్రాళ్ళు బీదల మధ్యే ఉండి సేవ చేసే కేంద్రం అది. సెలవు రోజుల్లో ఊపిరి పీల్చుకోవడానికి హాంప్‌స్టెడ్ హీత్ పక్కన ఒక ఇల్లు ఉండేది వాళ్ళకి. హీత్ అంటే ఊరి అంచునున్న పెద్ద పచ్చిక బయలు.

ఆ హీత్ కిందుగా గోల్డర్స్ గ్రీన్ దాకా భూగర్భ రైలు వస్తుందని తెలిసింది. రైలు వచ్చిందంటే బిల్డర్లు వస్తారు, ఆ బయలు చుట్టూ ఒకే మూస ఇళ్ళ వరసలు లేచిపోతాయి. ఆవిడ ఊరుకోలేదు. చందాలు పోగుచేసి 80 ఎకరాలు ఈటన్ కాలేజీ నుంచి కొనిపించి హీత్‌లో కలిపించింది. ఆ పక్కనే ఇంకో 243 ఎకరాలు ఈ పేట కోసం పెట్టిన ట్రస్టు పేరున కొన్నారు. 1907 మే 2న మొదటి మట్టి ఆవిడే తవ్వింది. ఆ జూన్‌లోనే గోల్డర్స్ గ్రీన్ స్టేషను తెరిచారు.

ఆవిడ కోరిక పచ్చదనంతో ఆగలేదు. గుమస్తా, కూలీ, డబ్బున్నవాడు, ముసలివాళ్ళు, ఒంటరిగా ఉండి ఉద్యోగం చేసుకునే ఆడవాళ్ళు, అందరూ ఒకే పేటలో పక్కపక్కన బతకాలి అనుకుంది. ఆ మాట నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరింపజేస్తుంది.

ప్రాణహిత_సిరొంచ
మా దగ్గర గిట్లాంటి ముచ్చట్లు చెప్పేటోళ్ళు లేరక్కా. ఇంకా రాయుండ్రి. మరి ఆ కంచెల సంగతేంది?

మహేంద్రతనయ
వస్తున్నా తమ్ముడూ.

ప్లాను గీసినవాళ్ళు రేమండ్ అన్విన్, బ్యారీ పార్కర్. 1903లో మొదలైన లెచ్‌వర్త్ అనే కొత్త ఊరి ప్లాను కూడా వీళ్ళదే. అన్విన్ ముందు కాగితం మీద గీతలు గీసేవాడు కాదు. నేల అంతా కాళ్ళతో తిరిగి ఏ చెట్టు ఎక్కడుందో, వాలు ఎటుందో, ఎక్కణ్ణుంచి ఏం కనిపిస్తుందో చూసుకుని, అప్పుడు రోడ్డు వేసేవాడు. పాత చెట్టు అడ్డొస్తే రోడ్డే వంగేది.

అప్పటి ఇంగ్లండు నిబంధనల ప్రకారం ప్రతి వీధీ ఒక కనీస వెడల్పుకి తగ్గకుండా వేయాలి. చివర మూసుకుపోయిన వీధి వేయడానికి వీల్లేదు. ఈ ఒక్క పేట కోసం 1906లో పార్లమెంటులో ప్రత్యేకంగా చట్టం చేయించుకున్నారు. దాని ప్రకారం ఎకరానికి సగటున 8 ఇళ్ళు మించకూడదు, ఎదురెదురు ఇళ్ళ మధ్య కనీసం 50 అడుగులు ఉండాలి. దానికి బదులుగా 500 అడుగుల లోపు చిన్న వీధుల్లో రోడ్డు 20 అడుగులు ఉంటే చాలు. రోడ్డు మీద మిగిలిన డబ్బూ జాగా తోటలకి, పచ్చికకి పోయాయి. ఆజ్మన్స్ ప్లేస్ అని ఒక చిన్న వీధి ఉంది, అది చివర మూసుకుపోతుంది. ఇళ్ళన్నీ మధ్యనున్న పచ్చిక చుట్టూ చేరి ఉంటాయి. పిల్లలు ఆడుకుంటే నాలుగు వైపుల నుంచీ నాలుగు వంటగదుల కళ్ళు ఉంటాయన్నమాట.

ఇళ్ళ మధ్య గోడలు వద్దు, కంచెలే వెయ్యాలి అన్నది మొదటి రోజు నుంచీ ఉన్న షరతు.

గంజాం_ప్లీడరు
మన లెక్కలో చెప్పాలంటే ఎకరానికి 8 ఇళ్ళు అంటే ఇంటికి సగటున 12న్నర డెసిమల్ అన్నమాట (డెసిమల్ అంటే ఎకరంలో నూరో వంతు). బరంపురంలో ఇప్పుడు 3 డెసిమల్ ప్లాటు దొరికితే అదృష్టం అనుకుంటున్నారు.

పట్టుమగ్గం
ఆవిడకి ఉన్నది జాలి. మన బిల్డర్లకి ఉన్నది టేపు.

సిమెంటుబస్తా_జయపురం
చదివాను, బాగుంది. కానీ అది గార్డెన్ సిటీ, లండన్, డబ్బున్న దేశం. మనకెందుకు?

మహేంద్రతనయ
సిటీ వేరు, సబర్బ్ వేరు అన్నా. ఎబెనెజర్ హోవర్డ్ 1898లో చెప్పిన గార్డెన్ సిటీలో ఇళ్ళతో పాటు ఫ్యాక్టరీ, పొలం, ఉద్యోగం అన్నీ ఊళ్ళోనే ఉండాలి. లెచ్‌వర్త్ అలాంటిది. హాంప్‌స్టెడ్ సబర్బ్‌లో ఫ్యాక్టరీ లేదు. పొద్దున్న అందరూ రైలెక్కి లండన్ పోతారు. పేట మధ్యలో కొట్లు కూడా లేవు, టెంపుల్ ఫార్చ్యూన్ దగ్గర అంచున పెట్టారు. బార్నెట్ గారి పట్టుదల వల్ల పేటలో ఒక్క సారా దుకాణం కూడా రాలేదు.

నాగావళి_ఒడ్డు
ఈ ఒక్క రూలుకి మా ఆవిడ ఓటు ఇప్పుడే వేసేసింది.

జయపురం_టు_లండన్
నేను ఆ పేటలో అద్దెకి ఉండి ఆరేళ్ళు. మొదట్లో నాకు ఒకటే చిరాకు: ఇంటి ముందు కారు పెట్టుకోవడానికి రాళ్ళు పరిచేద్దామంటే ఓనరు చేతులు జోడించేశాడు. ముందు తోటని తన ఇష్టానికి మార్చే వీలు ఆయనకే లేదట. కిటికీలు మార్చాలన్నా, తలుపు మార్చాలన్నా, చెట్టు కొమ్మ నరకాలన్నా, కంచె తీయాలన్నా ముందుగా ట్రస్టు ఒప్పుకోవాలి. ప్లాస్టిక్ ఫ్రేము కిటికీ అన్న మాటే ఎత్తకూడదు, పాతది ఎలా ఉందో అలాగే చెక్కతో చేయించాలి. ఖర్చు ఎక్కువే, చలికాలంలో గాలి కూడా దూరుతుంది.

కానీ ఒక సంగతి చెప్పాలి. కంచెల మధ్య నుంచి ఒక మనిషి పట్టేంత కాలిబాటలు ఉంటాయి ఇక్కడ, వాటిని ట్విటెన్ అంటారు. మా పాపని బడికి ఆ దారినే తీసుకెళ్తాను. రెండు పక్కలా కంచె దాని తలకంటే ఎత్తు. వాన వెలిశాక ఆకుల చివర నీళ్ళు నిలిచి ఉంటే అది వేలితో ఒక్కొక్కటీ రాల్చుకుంటూ నడుస్తుంది. ఈ ఊళ్ళో మాకు సొంత ఇల్లు ఎప్పటికీ రాదు. ఆ దారి మాత్రం దానికి సొంతమే అనిపిస్తుంది.

పాతకాపు_బరంపురం
అమ్మా, ఆ సందుల్లో నేనూ నడిచాను! కొన్ని కంచెలకి మధ్యలో చిన్న చెక్క గేటు ఉంటుంది చూడండి, నడుం ఎత్తున. ఒక ముసలాయన రోజూ ఆ గేటు మీద చేతులు ఆనించి నిలబడేవాడు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆయన మాట నాకు సగమే అర్థమయ్యేది. అయినా పది నిమిషాలు నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. ఏడడుగుల గోడ ఉంటే ఆయన మొహం నాకు తెలిసేదే కాదు.

కిన్వట్_కాకా
మాది నాందేడ్ జిల్లా. నేను పెరిగింది ఒక ఫ్యాక్టరీ కాలనీలో. బారుగా క్వార్టర్లు, ముందు మందార కంచెలు, వీధికొక మాలి. మాలి ఉన్నన్ని రోజులు అది స్వర్గం. ఆయన రిటైరయ్యాక ఎవరింటి ముందు కంచె వాళ్ళు కత్తిరించుకోవాలి అన్నారు. రెండేళ్ళలో సగం ఎండిపోయింది, సగం తుమ్మ కంపలా పెరిగింది. అందుకే అడుగుతున్నా: లండన్‌లో ఆ కంచె కత్తిరించేది ఎవరు?

జయపురం_టు_లండన్
ఎవరి కంచె వాళ్ళదే కాకా. ఉమ్మడి స్థలాల సంగతి, రూల్సు పాటిస్తున్నారా లేదా అన్న సంగతి ట్రస్టు చూసుకుంటుంది. అందుకు ఇళ్ళ యజమానులు ఏటా కొంత రుసుము కడతారు.

ప్రాణహిత_సిరొంచ
అంటే పైసలు కట్టి మరీ కట్టుబాటు పెట్టుకున్నరన్నట్టు.

పట్టుమగ్గం
నాకు వేరే ఆలోచన వస్తోంది. మేము బరంపురంలో మగ్గం పని ఇళ్ళవాళ్ళం. మా తాతల వీధి చూస్తే ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ, సందు ఉండదు. ఇల్లు వెడల్పు తక్కువ, లోపలికి మాత్రం రైలు పెట్టెల్లా పొడుగు. ముందు అరుగు. ఆ అరుగులన్నీ ఒకే ఎత్తులో వీధి చివరి దాకా కలిసిపోయి ఉండేవి. పొద్దున్నే పడుగు చాచడానికి వీధి మొత్తం మాదే. మిట్టమధ్యాహ్నం దారిన పోయేవాడు ఎవరి అరుగు మీద కూర్చున్నా లేవమనేవాళ్ళు లేరు.

ఎప్పుడైతే ఒకాయన అరుగుకి ఇనప గ్రిల్లు పెట్టించాడో అప్పుడే మొదలైంది. పక్కవాడు పెట్టాడు, వాడి పక్కవాడూ పెట్టాడు. ఇప్పుడు వీధిలో నలభై బోనులు, లోపల స్కూటర్లు. మనకి కంచె కొత్తేమో గానీ, కంచె చేసే పని మన అరుగు ఎప్పుడో చేసింది.

మహేంద్రతనయ
ఈ పోస్టు నేను దాచుకుంటున్నాను. రేపు క్లాసులో చెబుతాను. అన్విన్ కూడా వరస ఇళ్ళని అసహ్యించుకోలేదు. నాలుగేసి, ఆరేసి ఇళ్ళు కలిపి ఒకే కప్పు కింద కట్టాడు. కొన్ని ఇళ్ళు ముందుకి, కొన్ని వెనక్కి జరిపాడు, అందువల్ల వీధి ఒక గదిలా అనిపిస్తుంది. చేత్తో చేసిన ఎర్ర ఇటుక, మట్టి పెంకుల ఏటవాలు కప్పు, పొడుగాటి పొగగొట్టాలు, కప్పులోంచి తొంగిచూసే చిన్న కిటికీలు. గొప్ప కోసం చేసినవి కావు ఇవి, పల్లెటూరి మేస్త్రీ పనితనాన్ని గౌరవించడం.

ఇళ్ళని రోడ్డు వైపు కాకుండా ఎండ వచ్చే వైపుకి తిప్పాలని ఆయన పట్టుబట్టేవాడు.

సిమెంటుబస్తా_జయపురం
మన దగ్గర ఎండ తప్పించుకోవడానికి తిప్పాలి. మే నెలలో వచ్చి చూడమనండి. ఇంకో మాట, వాస్తు ఒప్పుకోకపోతే ఏ అన్విన్ గీసినా మా పార్టీ అడ్వాన్సు ఇవ్వడు.

నాగావళి_ఒడ్డు
ఆ పేట మధ్యలో పెద్ద చర్చీలు ఉన్నాయట, అవి కట్టింది న్యూఢిల్లీ గీసిన ఆర్కిటెక్ట్ లుటియెన్సేనా?

మహేంద్రతనయ
ఆయనే. పేట నడిబొడ్డున సెంట్రల్ స్క్వేర్ ఎడ్విన్ లుటియెన్స్ గీశాడు. ఒక వైపు సెయింట్ జూడ్ చర్చి, దాని శిఖరం 178 అడుగులు. వైట్‌చాపెల్‌లో భర్త పనిచేసిన చర్చి పేరే దీనికీ పెట్టారు. ఎదురుగా గుమ్మటంతో ఫ్రీ చర్చి, మధ్యన చదువుల కోసం ఇన్‌స్టిట్యూట్. ఇప్పుడు హెన్రియెట్టా బార్నెట్ పేరున్న ఆడపిల్లల బడి ఉన్నది ఆ ఇన్‌స్టిట్యూట్‌ భవనంలోనే. 1912లో లుటియెన్స్ ఢిల్లీ పనిమీద మన దేశం వచ్చాడు. రాష్ట్రపతి భవన్ గీసిన చెయ్యీ ఈ సెంట్రల్ స్క్వేర్ గీసిన చెయ్యీ ఒకటే.

నా సొంత అభిప్రాయం: ఆ సెంట్రల్ స్క్వేర్ అందంగా ఉంటుంది గానీ మనుషులు లేక బోసిపోయి ఉంటుంది. కొట్టు లేదు, టీ బంకు లేదు. ఊరికి నడిమధ్యన సంత లేకపోతే అది గుడి ప్రాకారంలా నిశ్శబ్దంగా ఉండిపోతుంది. ప్రాణం ఉన్నది అన్విన్ వేసిన చిన్న వీధుల్లోనే.

జయపురం_టు_లండన్
నిజం అక్కా. పాల ప్యాకెట్టు కోసం పావుగంట నడవాలి.

కిన్వట్_కాకా
మా అమ్మాయి ముంబైలో మాటుంగాలో ఉంటుంది, అక్కడి దాదర్ పార్సీ కాలనీ చూశాను. 1896లో ప్లేగు వచ్చి ఊరు అల్లాడిపోయాక, 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి ఇరుకు ఊరి బయట కొత్త పేటలు వేశారు. అందులో మంచేర్జీ జోషీ అనే ఇంజనీరు పట్టుబట్టి తమ వాళ్ళలో మధ్యతరగతి కోసం ప్లాట్లు అడిగి తీసుకున్నాడు. చెట్ల నీడలో నడుస్తుంటే ముంబైలో ఉన్నట్టే అనిపించదు. కాబట్టి సిమెంటుబస్తా గారూ, ఇది ఇంగ్లండు వాళ్ళకే చెల్లే విద్య కాదు.

సిమెంటుబస్తా_జయపురం
ఒప్పుకుంటాను. అయితే అందరినీ కలిపి ఉంచుతాం అన్న ఆవిడ మాట ఏమైంది? ఇప్పుడు కూలివాడు అక్కడ ఉండగలడా?

జయపురం_టు_లండన్
ఉండలేడు. పెద్ద ఇళ్ళు మిలియన్ల పౌండ్లు. కూలీల కోసం కట్టిన చిన్న కాటేజీలు కూడా జీతగాళ్ళకి అందవు. మేము అద్దెకున్నది అలాంటి కాటేజీలోనే.

మహేంద్రతనయ
ఇది నన్నూ బాధపెట్టే విషయమే. ఒంటరి ఉద్యోగినుల కోసం బెయిలీ స్కాట్ అనే ఆర్కిటెక్ట్ 1909లో కట్టిన వాటర్‌లో కోర్ట్ ఉంది, మధ్యలో పచ్చిక, చుట్టూ నడవ, మన మండువా లోగిలి గుర్తొస్తుంది. అది నిలిచింది. ముసలివాళ్ళ కోసం కట్టిన ఆర్చర్డ్ అనే భవనాన్ని మాత్రం పడగొట్టేశారు. ఇటుకనీ కంచెనీ కాపాడారు, అద్దెని కాపాడలేకపోయారు. బాగున్న చోటికి అందరూ వస్తామంటారు, ధర పెరుగుతుంది. ఎవరి కోసం కట్టారో వాళ్ళు బయటికి పోతారు.

పాతకాపు_బరంపురం
మా కాలనీలో ఇప్పటికీ రిటైర్డు కంపౌండరు ఉన్నాడు, బ్యాంకు మేనేజరు ఉన్నాడు, టైలరు ఉన్నాడు. ఆ మాట చదివాక ఇంకా బెంగ పట్టుకుంది.

ప్లీడరు గారూ, చట్టం ఏమంటుంది?

గంజాం_ప్లీడరు
ముందు ఇంగ్లండు సంగతి చెబితే మీది తేలిగ్గా అర్థమవుతుంది.

లండన్‌లో లెస్టర్ స్క్వేర్ అని ఉంది. దాని మధ్యనున్న తోటని 1808లో టల్క్ అనే ఆయన అమ్ముతూ, ఇందులో కట్టడాలు కట్టకూడదు, తోటగానే ఉంచాలి అని రాయించుకున్నాడు. చేతులు మారి మారి మాక్సే అనేవాడి దగ్గరకి వచ్చింది. ఆ షరతు నా దస్తావేజులో లేదు, నేను కడతాను అన్నాడు. 1848లో కోర్టు కుదరదు అంది. షరతు ఉందని తెలిసే కొన్నావు, కాబట్టి అది నిన్నూ కట్టేస్తుంది అని. తోటల్ని కాపాడే చట్టం పుట్టిందే ఒక తోట తగువులోంచి.

కాకపోతే ఇది 'చెయ్యకూడదు' అనే షరతుకే వర్తిస్తుంది. కంచె పెంచు, సున్నం వెయ్యి, రుసుము కట్టు లాంటి 'చెయ్యాలి' షరతులు కొత్త యజమానికి సొంతంగా అంటవు. హాంప్‌స్టెడ్‌లో చాలా ఇళ్ళు దీర్ఘకాలపు లీజు మీద ఇచ్చినవి, కాబట్టి లీజు షరతులతో నడిచిపోయింది. 1967లో చట్టం మారి లీజుదారులు ఇంటిని పూర్తిగా కొనేసుకోవచ్చు అన్నారు. అందరూ కొనేసుకుంటే షరతులన్నీ గాలికే. అందుకని అదే చట్టంలో ఉన్న వెసులుబాటు పట్టుకుని, కొనుక్కున్నవాళ్ళకీ అవే రూల్సు వర్తించేలా ఒక నిర్వహణ పథకం తయారుచేసి 1974లో హైకోర్టు ఆమోదం తెచ్చుకున్నారు. 1968లో స్థానిక కౌన్సిలు ఆ పేటని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అంటే సుమారు 5,000 ఇళ్ళకి రెండు తాళాలు: ఒకటి కౌన్సిలుది, రెండోది ట్రస్టుది.

ఇక మీది. మన ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 40 లో ఇదే సూత్రం ఉంది. పక్క స్థలం వాడి హాయి కోసం పెట్టిన 'చెయ్యకూడదు' షరతు, అది తెలిసి కొన్నవాడి మీద చెల్లుతుంది. కానీ షరతు ఉన్నట్టు రుజువు కావాలి. 1974 నాటి నోటి మాట కోర్టులో నిలబడదు. మీ మూల ఇంటాయన మీద కేసు వెయ్యకండి, డబ్బు, ఆయుష్షు రెండూ పోతాయి.

పాతకాపు_బరంపురం
సొసైటీ పాత కాగితాల్లో ఏమైనా ఉంటే?

గంజాం_ప్లీడరు
వెతకండి. ప్లాట్లు కేటాయించినప్పటి తీర్మానం గానీ, మొదటి దస్తావేజుల్లో ఒక్క వాక్యం గానీ దొరికితే కథ మారుతుంది. దొరక్కపోతే మిగిలిన 37 మంది ఇప్పుడే ఒకరికొకరు రాసుకుని రిజిస్టరు చేయించుకోండి: ముందు గోడ మూడడుగులు మించకూడదు, మలుపుల్లో అసలు ఉండకూడదు అని. ఆ తర్వాత కొనేవాడికి అది తెలియకుండా పోదు.

ప్రాణహిత_సిరొంచ
37 మంది ఒక్క మాట మీద సంతకం పెడతరా? మా అన్నదమ్ములం నలుగురం పెట్టలేదు.

సిమెంటుబస్తా_జయపురం
అసలు ఆయనెందుకు కట్టాడో ఎవరైనా అడిగారా? నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఊరికే గోడ అడగరు. భయం ఉంటుంది. దొంగ, ఆవు, కుక్క, ఈ మూడింట్లో ఏదో ఒకటి. ఫైలిన్ తుఫాను రాత్రి, 2013 అక్టోబరు 12న, నేను గోపాలపురంలో పని మీద ఉన్నాను. నేను కట్టిన గోడే ఒకటి బారుగా పడిపోయింది. పక్కింటి వెదురు దడి వంగి, తెల్లారేసరికి లేచి నిలబడింది. కాబట్టి గోడ మంచిదని నేను అనను. ముందు ఆయన్ని అడగమంటున్నాను.

పాతకాపు_బరంపురం
అడగలేదు. ఆ మాట నిజం. కోపంలో నేను ఆయన వైపు చూడనే లేదు. రేపు వెళ్తాను.

పట్టుమగ్గం
ఉత్త చేతులతో వెళ్ళకండి మాస్టారూ. నాలుగు అరటిపళ్ళైనా పట్టుకెళ్ళండి.

పాతకాపు_బరంపురం
వారం తర్వాత రాస్తున్నాను.

వెళ్ళాను. ఆయనది ఛత్రపురం వైపు. భార్య చూపు సరిగా లేని మనిషి. ఇదివరకు ఉన్న చోట వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఆవు పొడిచి ఆవిడకి తుంటి విరిగింది. అందుకే గోడ. గాజు పెంకులు మేస్త్రీ సలహా. కంచె గురించి ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఇల్లు అమ్మినవాళ్ళు కూడా. "ఇంతమంది పెంచుకున్నదని తెలిస్తే పీకేవాణ్ణి కాదు సార్" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఈ నెల రోజులూ నేను ఆయన గురించి ఏమేమి అనుకున్నానో!

లండన్‌లో నేను తీసిన ఫోటోలు చూపించాను. ఆవిడకి కనబడవు కదా, కంచె మీద చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో, వాన తర్వాత ఎలాంటి వాసన వస్తుందో చెప్పాను. గోరింట వాసన తనకి తెలుసు అంది.

సిమెంటుబస్తా గారూ, మీరు చెప్పకపోతే నేను ఆ గడప తొక్కేవాణ్ణి కాదు.

సిమెంటుబస్తా_జయపురం
మలుపు దగ్గర పన్నెండడుగుల మేర గోడ మూడడుగులకి దించమనండి. మిగతా చోట వెనకాల గట్టి తీగ జాలీ, ముందు కంచె. ఆవు రాదు. పునాది అలాగే ఉంటుంది కాబట్టి కూల్చిన ఖర్చు తప్ప ఇంకేమీ పోదు. ఎలా చెయ్యాలో కొలతలతో గీసి పెడతాను, డబ్బు మాట ఎత్తకండి.

మహేంద్రతనయ
గోడకి బయట వైపు అడుగున్నర మట్టి జాగా వదలమనండి, లేకపోతే వేళ్ళు నిలవవు.

పాతకాపు_బరంపురం
మలుపు దగ్గర దించడానికి ఒప్పుకున్నాడు. మిగతా గోడ ప్రస్తుతానికి ఉంటుంది, బయట మాత్రం కంచె వేసుకుందాం అన్నాడు. గాజు పెంకులు నిన్ననే కొట్టించేశాడు. మేస్త్రీతో మాట్లాడుకుంటున్న ఆ ఇద్దరిలో ఒకాయన ఆగాడు, ఇంకొకాయన ఇంకా ఏమీ తేల్చలేదు. సొసైటీ పాత బీరువా తాళం దొరికింది, ఆదివారం తెరుస్తున్నాం.

గంజాం_ప్లీడరు
నేనూ వస్తాను. 1974 మినిట్స్ పుస్తకం ఉంటే దాన్ని ముట్టుకోకండి, నేను వచ్చాక తెరుద్దాం.

నాగావళి_ఒడ్డు
గోరింట కొమ్మలు ఎన్ని కావాలి? మా పెరట్లో రెండు పెద్ద చెట్లున్నాయి. పెన్సిలంత లావు కొమ్మలు జానెడు పొడుగున కోసి, తడి గోనెలో చుట్టి తెస్తాను. రెండు వానలు పడ్డాక నాటితే బతుకుతాయి.

పాతకాపు_బరంపురం
గోడ నలభై రెండు అడుగులు. అడుగుకి రెండు లెక్క వేసుకోండి. కొన్ని ఎండిపోతాయి కాబట్టి వంద తెండి.

నాగావళి_ఒడ్డు
శనివారం పొద్దున్న రైలుకి వస్తున్నాను. స్టేషనుకి ఎవరినైనా పంపండి, గోనె బరువుంటుంది.

పాతకాపు_బరంపురం
మూల ఇంటాయన తన ఆటో పంపిస్తానంటున్నాడు.